64,000 తాబేళ్ళను ఎలా లెక్కపెట్టారు?

ఇంటి పాఠం: గణితం, విజ్ఞానశాస్త్రం (7 నుంచి 10 తరగతుల పిల్లల తల్లిదండ్రుల కోసం)



2020 జూన్‌లో, స్కూళ్ళు మూతబడి పిల్లలంతా ఫోన్ల ముందు కూర్చున్న రోజుల్లో, ఒక డ్రోన్ వీడియో ప్రపంచమంతా తిరిగింది. నీలమూ ఆకుపచ్చా కలిసిన సముద్రం, మధ్యలో తెల్లటి ఇసుక దిబ్బ, దాని చుట్టూ నీళ్ళలో ఆవాలు చల్లినట్టు వేల చుక్కలు. ప్రతి చుక్కా ఒక తాబేలు. వాటి సంఖ్య 64,000 అని వార్తల్లో వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివారు యూట్యూబ్‌లో రైన్ ఐలాండ్ తాబేళ్ళు అని వెతికి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చూడండి. ఈ నెల పాఠం ఆ వీడియో గురించే.

చూశాక ఒకే ప్రశ్న అడగండి: "వీటిని ఎలా లెక్కపెట్టి ఉంటారు?" ఎక్కువమంది పిల్లలు చెప్పే జవాబులు రెండు. ఒకటి, ఫొటోలో ఉన్న చుక్కలన్నీ లెక్కపెట్టారు. రెండు, కంప్యూటరే లెక్కపెట్టేసింది. రెండూ కావు. ఏ ఒక్క ఫొటోలోనూ 64,000 తాబేళ్ళు లేవు. ఆ సంఖ్య వచ్చింది నిష్పత్తి నుంచి. ఎనిమిదిలో అనులోమానుపాతం దాకా మన పిల్లలు చేసే లెక్క అదే.

ఎక్కడిదీ దీవి

రైన్ దీవి ఆస్ట్రేలియాలోది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని కెయిన్స్ నగరానికి వాయవ్యంగా సుమారు 620 కిలోమీటర్ల దూరంలో, గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరుసకు ఉత్తరాన, బయటి అంచున ఉంటుంది. మొత్తం కలిపినా వంద ఎకరాలు ఉండదు. పగడాల పొడి, గవ్వల పొడి అలలకు కొట్టుకొచ్చి పేరుకుపోగా ఏర్పడిన నేల. జనం ఉండరు. పర్యాటకుల్ని రానివ్వరు, పరిశోధన కోసం అనుమతి ఉన్నవారే అడుగుపెట్టాలి. ఉతాతి, కెమర్‌కెమర్ మెరియం అనే మూలవాసీ ప్రజలు ఆ దీవికి సంప్రదాయ హక్కుదారులు. దాని సంరక్షణలో వాళ్ళూ భాగస్వాములే.

మనుషుల గుర్తు అంటూ అక్కడ కనిపించేది ప్రధానంగా ఒక రాతి బురుజు. పగడపు దిబ్బల మధ్య ఓడలకు దారి చూపడానికి 1844లో ఖైదీల చేత కట్టించారు. వీడియోలో ఒక మూల చిన్నగా కనబడితే పిల్లలకు చూపించండి. ఆ తర్వాత 1890ల మొదట్లో సముద్రపక్షుల రెట్టను ఎరువు కోసం తవ్వుకుపోయారు. అదంతా ముగిసి వందేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ ఉండేవి పక్షులు, గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు.

ఆ తాబేళ్ళను ఆకుపచ్చ సముద్ర తాబేళ్ళు అంటారు. ఒక్కొక్కటి వంద కిలోల పైమాటే. డిప్ప పొడవు సుమారు ఒక మీటరు. ఈ జాతి తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది రైన్ దీవే. ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డుకెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి, తెల్లారేలోగా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. దాదాపు రెండు వారాలు దగ్గర్లోనే ఉండి మళ్ళీ వస్తుంది. ఒక సీజన్‌లో ఇలా చాలాసార్లు. తర్వాత వందల కిలోమీటర్లు ఈది తను మేత మేసే చోటుకు వెళ్ళిపోతుంది, మళ్ళీ కొన్నేళ్ళదాకా రాదు.

అంటే ఏ రోజు చూసినా కొన్ని ఇసుక మీద, ఎన్నో రెట్లు నీళ్ళలో. ఇసుక మీద ఉన్నవాటిని లెక్కపెట్టవచ్చు. నీళ్ళలో ఉన్నవి కదులుతుంటాయి, మునుగుతుంటాయి, ఒకదాని కింద ఇంకొకటి వెళ్తుంటాయి. మరి ఎలా?

తెల్ల చార

రాత్రి ఒడ్డుకు వచ్చిన తాబేళ్ళ డిప్పల మీద పరిశోధకులు తెల్ల రంగుతో నిలువుగా ఒక చార గీశారు. తాబేలుకు హాని చేయని రంగు. కొద్దిరోజుల్లో దానంతటదే కొట్టుకుపోతుంది. ఎన్నిటికి గీశారో రాసుకున్నారు. మరుసటి రోజుల్లో దీవి చుట్టూ నీళ్ళలో ఎన్ని తాబేళ్ళు కనబడుతున్నాయి, అందులో చార ఉన్నవి ఎన్ని అని చూశారు. చారలు గీసిన తాబేళ్ళు మిగతావాటితో బాగా కలిసిపోయాయి అనుకుంటే, చూసిన గుంపులో చారల వాటా ఎంతో మొత్తంలోనూ చారల వాటా అంతే. ఇది ఒక్కటే మొత్తం సూత్రం.

లెక్క కోసం గుండ్రని అంకెలు వేసుకుందాం (ఇవి రైన్ దీవి అంకెలు కావు, మనం వేసుకున్నవి). 2,000 తాబేళ్ళకు చార గీశాం. మర్నాడు నీళ్ళలో 1,000 తాబేళ్ళను చూస్తే 40కి చార ఉంది. అంటే 25లో ఒకదానికి చార ఉంది. మొత్తంలోనూ 25లో ఒకదానికే చార ఉంటే, చారలు 2,000 కాబట్టి మొత్తం 50,000. తొమ్మిదో తరగతి పిల్లలైతే మొత్తాన్ని 'య' అనుకుని 40/1,000 = 2,000/య అని రాసి, అడ్డంగా గుణిస్తారు. సమాధానం అదే. అయితే అడ్డ గుణకారం వచ్చిన పిల్లలందరికీ "25లో ఒకటి" అనే మాట తట్టదు. మొదట ఆ మాట చెప్పించండి, తర్వాత గుణించనివ్వండి.

ఈ పద్ధతి కొత్తది కాదు. డెన్మార్క్‌కు చెందిన పీటర్సన్ అనే శాస్త్రవేత్త 1890లలో చేపలకు గుర్తులు కట్టి ఇదే ఆలోచన వాడాడు. అమెరికాలో లింకన్ అనే ఆయన 1930లో బాతుల కాళ్ళ పట్టీలతో చేశాడు. ఇద్దరి పేర్లూ కలిపి దీన్ని లింకన్-పీటర్సన్ పద్ధతి అంటారు. వాళ్ళకంటే చాలా ముందే, ఫ్రాన్స్ జనాభాను ఇంటింటికీ తిరగకుండా అంచనా వేయడానికి లాప్లాస్ అనే గణిత శాస్త్రవేత్త ఇలాంటి నిష్పత్తినే వాడాడు. ఆయన చూసింది పుట్టుకల సంఖ్యను.

పడవకూ డ్రోన్‌కూ తేడా

ఇక డ్రోన్ సంగతి. చారలు గీయడం రైన్ దీవిలో చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతే. మారినది చూసే పద్ధతి. మునుపు చిన్న పడవలో తిరుగుతూ, ఒకరు నీళ్ళలోకి చూస్తూ "చార ఉంది, లేదు, లేదు, ఉంది" అని లెక్కపెట్టేవారు. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఆ పని కష్టం, ప్రమాదం కూడా.

అసలు చిక్కు వేరే ఉంది. మీ అబ్బాయినో అమ్మాయినో ఊహించమనండి. పడవ అంచున కూర్చున్నావు, నీళ్ళు కదులుతున్నాయి, ముదురు రంగు తాబేళ్ళు ముదురు రంగు నీళ్ళలో తిరుగుతున్నాయి. వాటిలో కొన్నిటి మీద తెల్లటి చార. నీ కన్ను ముందు దేని మీద పడుతుంది? తెల్ల చార మీదే కదా. చార ఉన్నది ఒక్కటీ తప్పిపోదు, చార లేనివి ఎన్నో తప్పిపోతాయి. మనిషి అబద్ధం చెప్పలేదు, బద్ధకించలేదు. అయినా లెక్క ఒక పక్కకు ఒరిగింది.

ఒరిగితే ఏమవుతుందో మన అంకెలతోనే చూద్దాం. నీళ్ళలో నిజంగా ఉన్నవి చార ఉన్నవి 40, లేనివి 960. పడవలోని మనిషి చార ఉన్న 40నీ చూశాడు, లేనివాటిలో 400 తప్పిపోయాయి, 560 మాత్రమే చూశాడు. అతనికి కనిపించిన మొత్తం 600. అందులో 40 అంటే 15లో ఒకటి. మొత్తం తాబేళ్ళు 30,000 అని రాసుకుంటాడు. ఉన్నవి 50,000! తప్పిపోయిన 400 తాబేళ్ళు కాగితం మీద 20,000 అయ్యాయి. నిష్పత్తి లెక్కలో చిన్న పొరపాటు ఎంత పెద్దదవుతుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో నాకు కనబడలేదు.

అందుకని 2020లో ప్లాస్ వన్ అనే పత్రికలో వచ్చిన అధ్యయనంలో, క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ పరిశోధకుల బృందం మూడు పద్ధతులు పోల్చి చూసింది: పడవ మీద నుంచి కంటితో చూడటం, నీటి అడుగున కెమెరా పెట్టడం, పై నుంచి డ్రోన్ ఎగరేయడం. మూడింటిలో డ్రోన్‌కే మార్కులు పడ్డాయి. డ్రోన్ కన్ను మనకంటే గొప్పదని కాదు. వీడియోను గదిలో కూర్చుని ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో ఫ్రేమ్ చూస్తూ చార ఉన్నవీ లేనివీ తీరిగ్గా లెక్కపెట్టవచ్చు. అనుమానం వస్తే ఇంకొకరికి చూపించవచ్చు. పడవ లెక్కను మళ్ళీ చూడలేం. ఎగరేసే పనికి ఒక్క మనిషి చాలు, గంటలోపు అయిపోతుంది.

ఆ పోలికలో తేలింది ఏమిటంటే, పడవ లెక్కలు తక్కువ చూపించాయి. సరిచేయాలంటే పాత సంఖ్యలను 1.73తో గుణించాలి. ఆ పద్ధతిలోనే, 2019 డిసెంబరులో దీవి చుట్టూ గుడ్లు పెట్టడానికి చేరిన తాబేళ్ళు సుమారు 64,000 అని అంచనా వేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి శాతాల ప్రశ్న అడగండి. పాత లెక్క 10,000 అయితే సరిచేసిన లెక్క 17,300. పెరుగుదల 73 శాతం. మరి పాత పద్ధతిలో ఎంత శాతం తాబేళ్ళు తప్పిపోయాయి? చాలామంది పిల్లలు (కొందరు పెద్దలు కూడా) 73 శాతం అనేస్తారు. తప్పు. 17,300లో 7,300 తప్పిపోయాయి, అంటే సుమారు 42 శాతం. పైన ఏ సంఖ్య, కింద ఏ సంఖ్య అన్నది మార్చితే జవాబు మారిపోతుంది. డిస్కౌంటు ప్రకటనల్లోనూ, మార్కుల పోలికల్లోనూ ఇదే గారడీ జరుగుతుంది.

ఇంకో ప్రశ్న, దీన్ని పదో తరగతి వాళ్ళకు వదలండి. ఒక పేపరు "రైన్ దీవిలో తాబేళ్ళు 73 శాతం పెరిగాయి" అని రాస్తే నిజమా? కాదు. ఒక్క తాబేలు కూడా పెరగలేదు. మారింది లెక్కపెట్టిన తీరు. కొలిచే పద్ధతి మారిన ఏడాదినీ అంతకు ముందు ఏడాదినీ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకూడదు. పరిశోధకులు పాత లెక్కలన్నిటినీ సరిచేసింది అందుకే, పాతవీ కొత్తవీ ఒకే కొలతతో పోల్చడానికి.

ఎంత ఎత్తు నుంచి తీయాలి?

డ్రోన్ ఫొటోలంటే పిల్లలకు ఇష్టమైనది ఎత్తు. ఎంత పైకి వెళ్తే అంత గొప్ప అనుకుంటారు. లెక్కపెట్టడానికి మాత్రం ఎత్తు ఒక బేరం లాంటిది, ఒకటి వస్తే ఒకటి పోతుంది. పదో తరగతి సరూప త్రిభుజాలు ఇక్కడ పనికొస్తాయి.

కెమెరాను నిటారుగా కిందికి చూపించి, ఎత్తుకు ఒకటిన్నర రెట్ల వెడల్పు ఫొటోలో పడుతుందనుకుందాం. 60 మీటర్ల ఎత్తులో 90 మీటర్ల వెడల్పు పడుతుంది. ఫొటోలో అడ్డంగా 4,000 పిక్సెళ్ళు ఉంటే, ఒక్కో పిక్సెల్ నీటి మీద రెండుంబావు సెంటీమీటర్లు. మీటరు పొడవున్న డిప్ప ఫొటోలో సుమారు 44 పిక్సెళ్ళు. దాని మీద వేళ్ళ వెడల్పు చార ఉంటే రెండు మూడు పిక్సెళ్ళు, కష్టం మీద కనబడుతుంది. అదే 120 మీటర్లకు వెళ్తే వెడల్పు రెట్టింపు, పొడవు రెట్టింపు, కనబడే వైశాల్యం నాలుగు రెట్లు. ఫొటో అద్భుతంగా ఉంటుంది. తాబేలు మాత్రం 22 పిక్సెళ్ళకు దిగిపోతుంది, చార ఒక పిక్సెల్‌గా మిగిలి నీటి మెరుపులో కలిసిపోతుంది. చార కనబడకపోతే తాబేలు "చార లేని" ఖాతాలో పడుతుంది. అప్పుడు అంచనా ఎటు ఒరుగుతుంది, ఎక్కువకా తక్కువకా? పడవ లెక్కకు సరిగ్గా ఎదురు. పిల్లల్నే చెప్పనివ్వండి.

ఎండ కూడా ఒక శత్రువే. నీళ్ళ మీద సూర్యుడి మెరుపు పడితే ఆ భాగంలో ఏదీ కనబడదు. గాలికి అలలు లేచినా అంతే. లోతుగా మునిగి ఉన్న తాబేలు ఏ ఎత్తు నుంచీ కనబడదు. అయితే అది చార ఉన్నదైనా లేనిదైనా ఒకేలా మునుగుతుంది కాబట్టి నిష్పత్తి పెద్దగా చెడదు. ఈ పద్ధతి గొప్పతనం ఇక్కడే ఉంది. అన్నిటినీ చూడనక్కర్లేదు, రెండు రకాలనూ సమానంగా చూస్తే చాలు.

వంటింట్లో రైన్ దీవి

ఇప్పుడు ఆదివారం పని. ఒక స్టీలు డబ్బాలో రెండు మూడు గుప్పెళ్ళ బొబ్బర్లు పోయండి (అలసందలో, బబ్బెర్లో, మీ ఇంట్లో ఏమంటారో అవి). ఎన్నో లెక్కపెట్టకండి. అందులోంచి 50 తీసి పిల్లల చేత స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించండి. ఆరనిచ్చి, డబ్బాలో వేసి, మూత పెట్టి బాగా కుదపండి. కళ్ళు మూసుకుని ఒక చిన్న గ్లాసుతో తీయాలి. తీసినవి ఎన్ని, చుక్క ఉన్నవి ఎన్ని? రాసుకుని, మళ్ళీ డబ్బాలో పోసి, కుదిపి, ఇలా నాలుగు సార్లు.

ప్రతిసారీ 60 వచ్చాయనీ, చుక్క ఉన్నవి వరుసగా 5, 8, 6, 7 అనీ అనుకుందాం. అంచనాలు 600, 375, 500, 429. పిల్లలు ఇక్కడ నిరాశపడతారు. "నాన్నా, ఒక్కోసారి ఒక్కోటి వస్తోంది, ఇది తప్పు" అంటారు. తప్పు కాదు, అది ఆ పద్ధతి స్వభావం. చుక్కలు తక్కువ కనబడినప్పుడు ఒక్క చుక్క అటూ ఇటూ అయితే అంచనా ఎగిరి పడుతుంది. నాలుగు సార్లూ కలిపి చూడమనండి: తీసినవి 240, చుక్క ఉన్నవి 26, అంచనా సుమారు 462. నాలుగు అంచనాల సగటు మాత్రం 476 వస్తుంది. రెండూ ఎందుకు ఒకటి కాలేదో ఆలోచించే పిల్లలుంటే వాళ్ళను తొందరపెట్టకండి. ఆ ప్రశ్న మీద ఒక సాయంత్రం గడిచినా నష్టం లేదు. చివరికి డబ్బా మొత్తం కంచంలో పోసి నిజంగా లెక్కపెట్టండి.

తర్వాత లెక్కను కావాలని చెడగొట్టండి. పిల్లలకు ఎక్కువ నేర్పేది ఈ భాగమే. మొదటిసారి, చుక్క ఉన్నవన్నీ పైన పోసి కుదపకుండా పైనుంచే తీయండి. రెండోసారి, కళ్ళు తెరిచి ఒక్కొక్కటి త్వరత్వరగా ఏరమనండి, చుక్కలవి ఎక్కువ వస్తాయేమో చూడండి. మూడోసారి, చుక్కలవాటిలో పది తీసి తడి గుడ్డతో చుక్క తుడిచేయండి, పిల్లలకు చెప్పకండి. మొదటి రెండింటిలో అంచనా తగ్గుతుంది, మూడోదానిలో పెరుగుతుంది. రైన్ దీవిలో రంగు కొద్దిరోజులే ఉంటుంది కాబట్టి, గీసిన తర్వాత వెంటనే ఎందుకు ఎగరేయాలో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

డ్రోన్‌కు కనబడనిది

64,000 అనేది పెద్ద సంఖ్య. వీడియో చూసినవారిలో చాలామంది "అబ్బో, ఇన్ని ఉన్నాయా, ఇక భయం లేదు" అనుకున్నారు. పిల్లలూ అలాగే అంటారు. కానీ అదే దీవిలో చాలా ఏళ్ళుగా ఒక కష్టం నడుస్తోంది. దీవి ఆకారం మారి, పోటు ఎక్కువైనప్పుడు నీళ్ళు గుడ్ల గోతుల్లోకి చేరుతున్నాయి. నీళ్ళలో మునిగిన గుడ్డులో పిల్ల ఊపిరాడక చనిపోతుంది. ఒడ్డున చిన్న రాతి అంచుల మీద నుంచి పెద్ద తాబేళ్ళు పడి వెల్లకిలా తిరగబడిపోయి, మళ్ళీ లేవలేక ఎండకు చచ్చిపోతున్నాయి.

దీనికోసం క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం, గ్రేట్ బారియర్ రీఫ్ సంస్థలు, మూలవాసీ ప్రజలు కలిసి ఒక ప్రాజెక్టు పెట్టుకున్నారు. 2014లో ఒకసారి, 2017లో మరోసారి యంత్రాలతో తీరంలోని ఇసుకను ఎత్తు చేశారు, గుడ్లకు పోటు నీరు తగలకుండా. రాతి అంచుల దగ్గర కంచెలు వేశారు. మనుషులు లేని దీవికి యంత్రాలు మోసుకెళ్ళి ఇసుక సర్దడం వింతగా ఉండవచ్చు. ఏమీ చేయకుండా చూస్తూ ఉండటం అక్కడివారికి అంతకంటే వింతగా అనిపించింది.

ఇంకో సంగతి. సముద్ర తాబేలు పిల్ల ఆడదో మగదో తేలేది ఇసుక వేడిని బట్టి. చల్లని ఇసుకలో మగవి ఎక్కువ, వేడి ఇసుకలో ఆడవి ఎక్కువ. 2018లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాల్లో పుట్టిన ఆకుపచ్చ తాబేళ్ళలో, ఇంకా ఎదగనివాటిలో 99 శాతం పైగా ఆడవే. ఎదిగినవాటిలో సుమారు 87 శాతం. ఈ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎదిగినవి పాత ఇసుకలో పుట్టినవి, ఎదగనివి ఈమధ్య ఇసుకలో పుట్టినవి.

ఈ జాతి తాబేలు ఎదిగి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఇరవై ముప్పై ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే డ్రోన్ లెక్కపెట్టిన 64,000 తల్లులు, ఎప్పుడో దశాబ్దాల కిందట ఇసుకలో క్షేమంగా పొదిగిన గుడ్ల ఫలితం. ఈ ఏడు మునిగిపోయిన గుడ్ల సంగతి ఆ సంఖ్యలో ఉండదు. అది తెలిసేది మన పిల్లలు మన వయసుకు వచ్చాక. తల్లుల సంఖ్య బాగుండగానే గుడ్ల లెక్క కూడా వేరుగా పెట్టడం అందుకే. ఎన్ని గోతుల్లో ఎన్ని పిల్లలు బయటికొచ్చాయో ఇసుక తవ్వి, ఖాళీ పెంకులు లెక్కపెట్టి చూస్తారు. దానికి డ్రోన్ పనికిరాదు, మోకాళ్ళ మీద కూర్చోవాలి.

"అయితే డ్రోన్ కొనమంటారా?"

పాఠం చదివాక పిల్లలు వేసే మొదటి ప్రశ్న ఇదే కావచ్చు. ఈ పాఠానికి డ్రోన్ అవసరం లేదు, బొబ్బర్లు చాలు. కొనాలనే అనుకుంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నవాటిని నానో డ్రోన్లు అంటారు, వాటికి పైలట్ సర్టిఫికెట్ అడగరు. సర్టిఫికెట్ కావాల్సిన పెద్దవాటికి 18 ఏళ్ళు నిండాలి. ఎంత చిన్నదైనా ఎక్కడ పడితే అక్కడ ఎగరేయకూడదు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ ప్రాంతం ఏ రంగులో ఉందో ముందు చూసుకోవాలి, నిబంధనలు మారాయేమో కూడా. గూళ్ళు కట్టుకున్న పక్షుల మీదికి, అభయారణ్యాల్లోకి అసలే వద్దు. రైన్ దీవిలో పరిశోధకులు కూడా అనుమతి తీసుకునే ఎగరేస్తారు.

తాబేళ్ళను దగ్గరగా చూడాలని ఉంటే ఆస్ట్రేలియా దాకా అక్కర్లేదు. మన కోస్తా తీరానికీ ప్రతి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు. విశాఖ వంటి చోట్ల అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుక గదుల్లో పొదగనిచ్చి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. అవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవులు. గుడ్డును గానీ పిల్లను గానీ ముట్టుకోకూడదు. వెళ్తే రాత్రి ఫోన్ లైటు వేయకండి. పుట్టిన పిల్ల వెలుతురు ఎటుంటే అటే నడుస్తుంది, బీచి రోడ్డు దీపాలకే దారి తప్పుతుంది.

బొబ్బర్ల పట్టికను నాలుగు వరుసల్లో రాయించి లెక్కల నోట్‌బుక్‌లో పెట్టి సోమవారం పంపండి. తీసినవి, చుక్క ఉన్నవి, అంచనా, ఈ మూడూ ముందు పేజీలో చాలు. డబ్బాలో నిజంగా ఎన్ని ఉన్నాయో వెనక పేజీలో రాయించండి. ముందు టీచర్‌గారు కూడా తన అంచనా వేయాలి కదా.